వారానికి 150 నిమిషాలు: కరోనా కాలపు విద్యార్థి కోసం ఒక వ్యాఖ్యానం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. అదే ఏడాది నవంబరు 25న శారీరక శ్రమ మీద కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. ఈ రెండు తేదీల మధ్య మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లకు తాళాలు పడ్డాయి, మైదానాల్లో కలుపు పెరిగింది, పాఠాలన్నీ ఫోన్ తెర మీదికి చేరాయి. వ్యాయామ విద్య ఉన్నచోట అదీ తెర మీదికే వెళ్లింది. ఆ మార్గదర్శకాల్లో పెద్దలకు చెప్పిన దాని సారాన్ని మన మాటల్లో పెట్టుకుంటే ఇలా ఉంటుంది:

18 నుంచి 64 ఏళ్లవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు తీవ్ర శ్రమ గానీ చేయాలి. వారంలో కనీసం 2 రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలాన్నిచ్చే పని చేయాలి. కూర్చుని గడిపే కాలాన్ని తగ్గించుకోవాలి. ఇంత చేయలేకపోయినా, ఎంతో కొంత చేయడం మేలే.

చదవగానే అర్థమైపోయే మాటలే ఇవి. అయితే 2020, 2021 సంవత్సరాల్లో ఇంట్లో చిక్కుకుపోయిన డిగ్రీ, పీజీ విద్యార్థిని ఎదురుగా పెట్టుకుని ఒక్కో పదాన్నీ పరిశీలిస్తే, చాలా సంగతులు బయటపడతాయి. ఆ పరిశీలనే ఈ వ్యాఖ్యానం.

18 నుంచి 64 ఏళ్లవారు

విద్యార్థి ఈ వరుసలో మొట్టమొదటి మెట్టు మీద ఉంటాడు. అంతకు ముందు, అంటే 5 నుంచి 17 ఏళ్ల మధ్య, రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరమని అవే మార్గదర్శకాలు చెబుతాయి. 18 నిండగానే ఆ లెక్క వారానికి 150 నిమిషాలకు దిగుతుంది. దిగేది లెక్క ఒక్కటే కాదు. బడిలో డ్రిల్ పీరియడ్ ఉంటుంది, పీఈటీ సార్ విజిల్ ఉంటుంది. మన దగ్గర చాలామంది పిల్లలకు ఇంటర్ రెండేళ్లూ పోటీ పరీక్షల కోచింగ్‌లోనే గడిచిపోతాయి. మైదానం ముఖం చూడరు. డిగ్రీలో చేరాక కాలేజీకి పీడీ సార్ ఉన్నా, ఆయన కాలమంతా అంతర కళాశాల పోటీలకు జట్లు తయారుచేయడంలోనే పోతుంది. కబడ్డీ జట్టులో లేని, వాలీబాల్ జట్టులో లేని విద్యార్థికి ఆయన పేరు కూడా తెలియకపోవచ్చు. అంటే మహమ్మారి వచ్చేనాటికే వ్యాయామం అలవాటు తప్పిన తరం ఇది.

‘కుర్రాళ్లకేం, రాళ్లు తిన్నా అరిగించుకుంటారు’ అనుకోవడం మనకు మామూలు. ఇందుకు జవాబుగా 1966లో అమెరికాలోని డాలస్‌లో జరిగిన ప్రయోగాన్ని చెప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న 5 మంది 20 ఏళ్ల యువకులను 3 వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. శ్రమ చేసేటప్పుడు శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ముందూ వెనకా కొలిచారు. ఆ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే 5 మందిని మళ్లీ పరీక్షించారు. 30 ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే, ఆ 3 వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువగా తేలింది. ఇంట్లో ఉండడం, మంచాన పడి ఉండడం ఒకటి కాదు, నిజమే. కానీ 20 ఏళ్ల ఒంట్లో ఉన్న శక్తి దానంతట అదే నిలిచి ఉండదనీ, కదలిక ఆగితే వారాల్లోనే తరుగుతుందనీ ఆ ప్రయోగం నిర్ధారించింది. మూతపడిన కాలేజీలను పరీక్షల కోణంలోంచి మాత్రమే చూసినవాళ్లు దీన్ని పట్టించుకోలేదు.

వారానికి

రోజుకు ఇంత అని కాకుండా వారాన్ని కొలతగా తీసుకోవడంలో వెసులుబాటు ఉంది. సోమవారం కుదరకపోతే బుధవారం చేసుకోవచ్చు. అయితే వారానికి ఒక ఆకారం ఉన్నప్పుడే ఈ వెసులుబాటు పనికొస్తుంది. ఆ ఏడాది విద్యార్థికి ఆదివారమేదో మంగళవారమేదో తెలియలేదు. పరీక్షలు ఉంటాయా ఉండవా అన్నది 2020 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా చివరి ఏడాది వాళ్లకే తేలలేదు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు. మార్చి 24న మళ్లీ మూసేశారు. పట్టుమని రెండు నెలలు కూడా టైమ్‌టేబుల్ నిలవనప్పుడు, వారం లెక్కన వ్యాయామం చేయమంటే ఏ రోజుకు ముడిపెట్టుకోవాలి?

ఆ కాలంలో విద్యార్థుల కదలిక మీద వచ్చిన చాలా సర్వేలు ‘గడిచిన 7 రోజుల్లో’ ఎంత శ్రమ చేశారని అడిగే ప్రశ్నావళి మీద ఆధారపడ్డాయి. మామూలు రోజుల్లో ఒక వారం మరో వారంలాగే ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న చెల్లుతుంది. లాక్‌డౌన్ మొదటి వారం వేరు, ఆరో వారం వేరు. పైగా తమ శ్రమను ఎక్కువ చేసి చెప్పుకోవడం మనుషులకు సహజం. ఆ అంకెలను చదివేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

150 నుంచి 300 నిమిషాలు

ఈ పదం దగ్గర ఆగి నిదానంగా లెక్క వేయాలి. క్యాంపస్‌లో ఉండే విద్యార్థికి ఈ నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంటుకు 15 నిమిషాల నడక అనుకుందాం. రానూపోనూ అరగంట. వారానికి 6 రోజులంటే 180 నిమిషాలు. మెస్సుకు, లైబ్రరీకి, సాయంత్రం గేటు బయట టీ బండి దగ్గరికి నడిచేది దీనికి అదనం. కాస్త చురుగ్గా నడిచే విద్యార్థి, వ్యాయామం అనే ఆలోచనే లేకుండా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగిన కనీసాన్ని దాటేస్తాడు. డే స్కాలర్ కూడా ఇంటి నుంచి బస్టాపుకు, ఆర్టీసీ బస్సు దిగి కాలేజీకి నడుస్తాడు. సీటు దొరక్క నిలబడే ప్రయాణం చేస్తాడు.

2010 నాటి పాత మార్గదర్శకాల్లో, ఏకబిగిన కనీసం 10 నిమిషాలు చేసిన శ్రమే లెక్కలోకి వచ్చేది. 2020లో ఆ షరతు తీసేశారు. మూడు నిమిషాల మెట్లెక్కుడు కూడా ఇప్పుడు లెక్కే. అంటే విద్యార్థి జీవితంలో అక్కడక్కడా చెదిరి ఉన్న నడకకు శాస్త్రం విలువ ఇచ్చిన సంవత్సరం, ఆ నడక పూర్తిగా మాయమైన సంవత్సరం ఒకటే అయ్యాయి.

మాయమైంది ఎంతో చెప్పే అధ్యయనం ఒకటి ఉంది. 187 దేశాల్లో ఒక ఫోన్ యాప్ వాడే లక్షలమంది అడుగుల లెక్కను పరిశోధకులు పరిశీలించారు. మహమ్మారి ప్రకటన వెలువడిన 10 రోజుల్లో సగటు అడుగులు 5.5 శాతం తగ్గాయి. 30 రోజులకు తగ్గుదల 27.3 శాతానికి చేరింది. ఇటలీలో ఒక దశలో దాదాపు సగానికి సగం పడిపోయాయి. ఇది విద్యార్థుల లెక్క మాత్రమే కాదు, అన్ని వయసులవారిదీ. కానీ నడకతో అల్లుకున్న జీవితం ఉన్నవాళ్లకు నష్టం మరింత ఎక్కువని ఊహించడం కష్టం కాదు.

ఆన్‌లైన్ వ్యాయామ తరగతి వారానికి ఒకటో రెండో, 40 నిమిషాల చొప్పున. అది ఆటల పీరియడ్‌కు బదులుగా వచ్చింది. నడకకు బదులుగా ఏదీ రాలేదు. నా దృష్టిలో ఆ కాలపు వ్యాయామ విద్య లోపమంతా ఇక్కడే ఉంది. పోయినదేదో సరిగ్గా గుర్తించకుండా, పోయిన దానిలో చిన్న భాగాన్ని మాత్రమే పూడ్చబోయారు.

దీనికి మరో పక్క కూడా ఉంది. హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు చేరిన విద్యార్థులు అందరూ కదలకుండా కూర్చోలేదు. వానాకాలం నాట్లకు దిగారు, పత్తి ఏరారు, గొర్రెల వెంట వెళ్లారు. ఉపాధి హామీ పనుల్లో పార పట్టుకున్న డిగ్రీ, పీజీ చదివినవాళ్ల కథనాలు ఆ వేసవిలో పత్రికల్లో వచ్చాయి. అమ్మాయిల మీద వాకిలి ఊడ్వడం, నీళ్లు మోయడం, అంట్లు, బట్టలు అన్నీ పడ్డాయి. మార్గదర్శకాల లెక్కలో తీరిక వేళ ఆట, ఉపాధి పని, ఇంటి పని, రాకపోకల నడక నాలుగూ శ్రమే. ‘మీరు వ్యాయామం చేస్తున్నారా?’ అని అడిగితే మాత్రం ఆ అమ్మాయి ‘లేదు’ అనే చెబుతుంది. నడుం విరిగేలా పనిచేసి కూడా లేదనే చెబుతుంది. మనవాళ్ల కదలికను కొలిచేవారు ఈ ‘లేదు’ వెనకాల ఏముందో అడగాలి. అలాగని ఇంటి చాకిరీని వ్యాయామంగా చూపించి తృప్తిపడడానికీ వీల్లేదు. ఆట ఒంటికిచ్చే శ్రమతో పాటు మనసుకు ఇచ్చే ఉల్లాసం, తోటివాళ్ల సాంగత్యం అంట్ల తొట్టి దగ్గర దొరకవు.

మోస్తరు శ్రమ

ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిని ఒక మెట్ అంటారు. దానికి 3 రెట్ల నుంచి 6 రెట్ల దాకా ఖర్చయితే మోస్తరు శ్రమ. పరికరం లేకుండా తెలుసుకునే దారి ఉంది. ఆ పని చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వడివడిగా నడవడం ఇందుకు సరైన ఉదాహరణ. యోగాసనాల్లో చాలావరకు ఈ మెట్టు కిందే ఉంటాయి. సూర్యనమస్కారాలు ఆపకుండా వరుసగా చేస్తే దీన్ని అందుకోవచ్చు. 2020 జూన్ 21న యోగా దినోత్సవాన్ని ఇంట్లోనే, కుటుంబంతోనే జరుపుకోమన్నారు. మనసు కుదుటపడడానికి అది ఎంతో అవసరమైన పనే. వారం లెక్క పూర్తి కావడానికి మాత్రం అదొక్కటే చాలదు.

మైదానంలో పీడీ సార్ పిల్లల ఊపిరి వింటారు. పరుగెత్తుతూ కబుర్లు చెప్పుకుంటుంటే వేగం పెంచమంటారు, మాట పెగలకపోతే ఆపమంటారు. ఆన్‌లైన్ తరగతిలో మొదటి నియమం అందరూ మైకు ఆపేయాలని. ఆ ఒక్క నియమంతో శ్రమను కొలిచే అతి సులువైన సాధనం గురువు చేజారింది. దానికి బదులు నాడి చూసుకోవడం నేర్పవచ్చు. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం సుమారుగా వస్తుంది. 20 ఏళ్లవారికి 200. అందులో 64 నుంచి 76 శాతం దాకా మోస్తరు శ్రమ. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కబెడితే 32 నుంచి 38 సార్లు కొట్టుకోవాలి. తెర మీద నుంచి కూడా బాగా నేర్పగలిగిన విషయం ఇది. ఒకసారి నేర్చుకుంటే గురువు లేనప్పుడూ తోడుంటుంది.

తీవ్ర శ్రమ

పరుగు, ఫుట్‌బాల్, కబడ్డీ ఈ కోవలోవి. 6 మెట్లకు పైన. కబడ్డీనే తీసుకోండి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అందులో సగభాగంలోకి కూత పెడుతూ ఒకడు వస్తాడు. 30 సెకన్లలో ఎవరినైనా తాకి గీత దాటాలి. ఎదుటివాళ్లు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడి, చీలమండ దొరికితే మీద పడతారు. ఊపిరి, కూత, స్పర్శ, పట్టు. గాలి ద్వారా పాకే వ్యాధి దేన్నైతే వద్దంటుందో, ఈ ఆట మొత్తం దాంతోనే తయారైంది. దీన్ని ఆన్‌లైన్‌లో నేర్పాల్సి వచ్చినప్పుడు కోర్టు కొలతలు, నియమాలు, పాత మ్యాచ్‌ల వీడియోలు మిగిలాయి. బీపీఈడీ విద్యార్థులకు ఇది నిజంగా పెద్ద నష్టం. రేపు పిల్లలకు పట్టు నేర్పాల్సినవాళ్లు, పట్టు పట్టకుండానే నెలలు గడిపారు. పోటీల సంగతి సరేసరి. తొలి ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు 2020 ఫిబ్రవరి, మార్చిలో భువనేశ్వర్‌లో జరిగాయి. రెండోవి 2022 ఏప్రిల్‌లో గానీ బెంగళూరులో మొదలు కాలేదు. డిగ్రీ మూడేళ్లే. ఆ విరామంలో పడిపోయిన ఆటగాడికి తిరిగి అవకాశం రాలేదు.

జబ్బు పడి లేచినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కోవిడ్ తర్వాత గుండె కండరానికి వాపు రావచ్చన్న భయంతో క్రీడా వైద్యులు 2020లోనే ఒక క్రమం సూచించారు. కనీసం 10 రోజుల విశ్రాంతి, అందులో చివరి 7 రోజులు ఏ లక్షణమూ ఉండకూడదు. ఆ తర్వాతే మెల్లగా మొదలుపెట్టాలి. 2021 వేసవిలో రెండో ఉధృతి ఇంటింటినీ తాకింది. అలాంటప్పుడు హాజరు కోసమో మార్కుల కోసమో వ్యాయామం వీడియో పంపమని గడువు పెట్టడం పొరపాటు. విద్యార్థి నోరు తెరిచి ‘నాకు బాగాలేదు సార్’ అని చెప్పుకునే చోటు ముందు ఉండాలి, గడువు తర్వాత.

కండరాల బలం

దీనికి జిమ్ అక్కర్లేదు. 2020 ఆగస్టు దాకా జిమ్‌లు తెరవనూ లేదు. దండాలు, బస్కీలు మన తాలింఖానాల్లో తరాలుగా ఉన్నవే, జాగా కూడా చాపంత చాలు. ఆన్‌లైన్‌కు బాగా ఒదగాల్సిన భాగం ఇదే. చిక్కల్లా ఫోన్ పెట్టే తీరులో వచ్చింది. బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టిన ఫోన్‌లో విద్యార్థి నడుం పైభాగం మాత్రమే కనబడుతుంది. బస్కీ తీసేటప్పుడు మడమ లేస్తోందా, మోకాళ్లు లోపలికి ముడుచుకుంటున్నాయా, వీపు వంగుతోందా అన్నది గురువు చూడాల్సిన విషయం. ఆ మూడూ తెరకు అందవు. ఫోన్‌ను రెండు మీటర్ల దూరంలో, నేల మీద, పక్కవైపు నుంచి పెట్టమని మొదటి తరగతిలోనే చెప్పిన గురువులకు ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇంత చిన్న మాటలే ఆన్‌లైన్ బోధనను నిలబెడతాయి. కానీ 60 చిన్న చతురస్రాల్లో ఒక్కొక్కరి మోకాలిని చూడడం ఏ గురువు వల్లా కాదు. పదిమంది చొప్పున జట్లుగా విడదీయడం తప్ప దారి లేదు.

కూర్చుని గడిపే కాలం

1953లో జెరెమీ మోరిస్ లండన్ బస్సుల్లో డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూశారు. రోజంతా డబుల్ డెక్కర్ మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, కూర్చునే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. అయినా కూర్చోవడం తగ్గించమన్న మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోకి పెద్దల కోసం ఎక్కింది 2020లోనే. ఎన్ని గంటలు దాటకూడదన్న హద్దు మాత్రం పెట్టలేదు. ఎక్కువ కూర్చునేవాళ్లు శ్రమ కూడా ఎక్కువ చేయాలన్నారు.

లాక్‌డౌన్ తొలి వారాల్లో పలు దేశాలవారిని అడిగిన ఒక సర్వేలో రోజుకు కూర్చునే కాలం 5 గంటల నుంచి 8 గంటలకు పెరిగినట్టు తేలింది. విద్యార్థికి పొద్దున తొమ్మిది నుంచి వరుసగా ఆన్‌లైన్ పాఠాలు. కదలిక గురించిన పాఠాన్ని కూడా చాలాచోట్ల కూర్చోబెట్టే చెప్పారు. వ్యాయామ విద్య పేరుతో మరో గంట తెరకు అతికించడం కంటే, ప్రతి పాఠానికీ మధ్య పది నిమిషాలు లేచి తిరగమని వైస్ ఛాన్స్‌లర్ ఒక్క సర్క్యులర్ ఇస్తే ఎక్కువ ఫలితం దక్కేది.

ఎంతో కొంత

చేయలేకపోయామన్న దిగులుతో పూర్తిగా మానేసేవాళ్ల కోసం ఈ మాట. 150 నిమిషాలు పరీక్షలో పాస్ మార్కు కాదు. 60 చేసినవాళ్లు, ఏమీ చేయనివాళ్ల కంటే మేలైన స్థితిలో ఉంటారు.

అధ్యాహారం: ‘ఎక్కడ?’

మూలంలో లేకపోయినా అర్థం పూర్తి కావడానికి వ్యాఖ్యాత చేర్చుకునే పదాన్ని అధ్యాహారం అంటారు. ఈ మార్గదర్శకాల సారంలో ఎవరు, ఎంతసేపు, ఎంత తీవ్రంగా అన్నవి ఉన్నాయి. ఎక్కడ అన్నది లేదు. ప్రపంచమంతటికీ చెప్పే మాట కాబట్టి ఉండకపోవడం సబబే. కానీ ఆన్‌లైన్ వ్యాయామ విద్య ఈ ప్రశ్న దగ్గరే తడబడింది.

రెండు గదుల అద్దె ఇంట్లో అయిదుగురు. పై అంతస్తులో గెంతితే కింద ఇంటి ఓనరుకు సప్పుడు. డాబా ఎక్కి వ్యాయామం చేద్దామనుకునే అమ్మాయికి పక్క డాబాల మీది చూపులు. తమ్ముడి పాఠానికీ అక్క పాఠానికీ ఒకటే ఫోన్. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న గ్రామీణ కుటుంబాలు దాదాపు 15 శాతం, పట్టణాల్లో 42 శాతం. రెండేళ్లలో ఇది కొంత పెరిగి ఉన్నా, వీడియో ఆగకుండా నడిచే సిగ్నల్ కోసం ఊరి చివర చెట్టు కిందికి వెళ్లాల్సిన విద్యార్థిని బస్కీలు తీయమని ఎలా అడుగుతాం?

క్యాంపస్ ఇచ్చేది మైదానం ఒక్కటే కాదు. ఎవరూ ప్రశ్నించని చోటు ఇస్తుంది. అక్కడ ఒక అమ్మాయి ట్రాక్ ప్యాంటు వేసుకుని ఉదయం ఆరింటికి పరుగెత్తవచ్చు. సంగారెడ్డి పిల్లాడూ శ్రీకాకుళం పిల్లాడూ ఒకే వాలీబాల్ నెట్టుకు అటూ ఇటూ నిలబడవచ్చు. ఆన్‌లైన్ తరగతి ఈ భారాన్నంతా విద్యార్థి సంకల్పం మీదా, అతని ఇంటి వైశాల్యం మీదా పెట్టింది. చేయలేకపోయినవాళ్లను బద్ధకస్తులన్నాం. వాళ్లకు లేనిది చోటు.

ఇంకొక తేడా చెప్పాలి. చైనా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ మొదటి రెండేళ్లు వ్యాయామ విద్య తప్పనిసరి పాఠ్యాంశం. మహమ్మారి వచ్చినప్పుడు ఆన్‌లైన్‌కు మార్చడానికి అక్కడ ఒక పాఠ్యాంశం, దానికో అధ్యాపకుడు, మార్కులు ఉన్నాయి. మన సాధారణ డిగ్రీ కాలేజీల్లో అత్యధిక భాగం విద్యార్థులకు మార్చడానికే ఏమీ లేదు. లేని తరగతి తెర మీదికి ఎలా వస్తుంది? 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రం ఆరోగ్యం, యోగా, క్రీడలు, ఫిట్‌నెస్‌ను క్రెడిట్లు ఉన్న వేల్యూ యాడెడ్ కోర్సుల్లో చేర్చింది. దారి తెరుచుకుంది. అయితే ఆ క్రెడిట్లను నోట్సు చదివి, పరీక్ష రాసి తెచ్చుకునే పద్ధతిలో పెడితే, 2020లో కూర్చోబెట్టి చెప్పిన పాఠమే మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి ప్రిన్సిపాళ్లకు, విశ్వవిద్యాలయ అధికారులకు ఒక్క విన్నపం. పీడీ పోస్టు ఖాళీగా ఉంటే నింపండి. జట్టులో లేని విద్యార్థికి కూడా వారానికి రెండు గంటలు మైదానంలో టైమ్‌టేబుల్ ప్రకారం చోటివ్వండి. ఉదయం, సాయంత్రం మైదానం గేటు తెరిచి ఉంచండి. అమ్మాయిలు నిశ్చింతగా రాగలిగేలా లైట్లు, బట్టలు మార్చుకునే గది, టాయిలెట్ ఏర్పాటు చేయండి. నాడి చూసుకోవడం, బస్కీ సరిగ్గా తీయడం మొదటి సెమిస్టర్‌లోనే అందరికీ నేర్పండి. ఈసారి ఏ కారణంతోనైనా కాలేజీలు మూతపడితే, ఇంటికి వెళ్లే విద్యార్థి దగ్గర కనీసం ఆ విద్య ఉంటుంది.